కుడి పక్క

గీతలు గీసే టీ స్క్వేరు రెండో దెబ్బకే మారప్ప వీపు మీద విరిగిపోయింది. మునస్వామి ఆ ముక్కను మూలకు విసిరేసి, మారప్ప జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. నల్ల సిరా సీసా దొర్లి కింద పడింది.

"లెఫ్ట్ సైడు పోతాదంట గదరా," అన్నాడు గోవిందప్ప, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నా మిల్లు నీ కండ్లల్లో పడిందా?"

మదనపల్లె రోడ్ల ఆఫీసులో అందరూ మధ్యాహ్నం అన్నాలకు వెళ్లిన వేళ అది. ప్లాన్లు గీసే గదిలో మారప్ప ఒక్కడే ఉంటాడని తెలుసుకునే గోవిందప్ప తన మనిషి మునస్వామిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిదిలో, మదనపల్లె పుంగనూరు రోడ్డును వెడల్పు చేస్తున్నారు. దారి మధ్యలో ఒకచోట రోడ్డుకు ఒక పక్క గోవిందప్ప సెనక్కాయల మిల్లు, దానికి ఎదురుగా అవతలి పక్క ముప్పై గుడిసెలు. రెండూ రోడ్డు పోరంబోకులో ఉన్నవే. వెడల్పు చేసేది ఒక పక్కే కాబట్టి రెండింట్లో ఒకటి పోక తప్పదు. మారప్ప పుట్టింది ఆ గుడిసెల్లోనే. తల్లి అక్కమ్మ ఇంకా అక్కడే ఉంది.

"ఎటు పక్కనో చెప్పేది ఇంజనీరు. నేను గీసేవాణ్ణి," అన్నాడు మారప్ప. నోట్లోంచి రక్తం కారుతోంది.

"మీ అమ్మ గుడిసె మిగలాలని నా మిల్లు మీద గీసినావు. కూలోడి కొడుక్కి ఉద్యోగమిస్తే ఇట్లే ఉంటాది. కొట్టేసి రైట్ అని రాయి."

"రాయను."

మేకులు కొట్టే సుత్తి గోడవారగా ఉంది. మునస్వామి దాన్ని అందుకుని మారప్ప చేతిని బల్ల మీద పరిచి పట్టుకున్నాడు.

"కుడిచెయ్యి ఇడిసిపెట్టు," అన్నాడు గోవిందప్ప. "దాంతో పనుండాది."

ఎడమచేతి చిటికెన వేలు చితికింది. మారప్ప అరుపు వసారా దాకా వినిపించింది. ఎవరూ రాలేదు. రెండో వేలు కూడా చితికింది. మూడోసారి సుత్తి లేచింది.

"రాస్తా," అన్నాడు మారప్ప.

అప్పుడే ఇంజనీరు లోపలికి వచ్చాడు. బల్ల మీది రక్తాన్ని చూశాడు, సుత్తిని చూశాడు. గోవిందప్ప లేచి, రోడ్డును కుడి పక్కకు మార్చమని తాను సంతకం పెట్టిన అర్జీని ఆయన చేతికిచ్చాడు. ఆ మిల్లు దగ్గర ఎప్పుడూ జీపు కూడా దిగని ఇంజనీరు, మారుమాట లేకుండా సంతకం చేశాడు. మారప్ప రోడ్డు గీతకు పైనున్న వెడల్పు పట్టీని బ్లేడుతో గీకి, గీత కింద గీసి, రైట్ అని రాశాడు. ఆ కాగితం మీద అతని రక్తం రెండు చోట్ల పడింది.

ఆదివారం నాడు చేతికి కట్టుతో ఇంటికి పోయేసరికి కబురు ముందే చేరిపోయింది. మేనమామ ఓబులేసు ఎదురొచ్చి రొమ్ము మీద తన్నాడు. కింద పడ్డవాడి మీద ఎవరో రాయి విసిరారు, కనుబొమ్మ చిట్లింది.

"రెండు వేళ్లకే రాసేస్తివా?" అంది అక్కమ్మ గుడిసె గుమ్మంలోంచి. "మెడ ఇరిసినా రాయకూడదురా నువ్వు. ఈ గడప తొక్కద్దు."

మారప్ప లేచాడు. రక్తం తుడుచుకుంటూ, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాడు.

మూడు నెలలకు కూల్చే మిషను వచ్చింది. గుడిసెలోళ్లు అడ్డం పడతారని గోవిందప్పే పోలీసుల్ని పిలిపించాడు. ఆడవాళ్లు గుడిసెల ముందు బారుగా పడుకున్నారు. లాఠీలు లేచాయి. ఎల్లమ్మ అనే ముసలామెను జుట్టు పట్టి ఈడ్చారు. ఓబులేసు తల పగిలింది. మారప్ప ప్లాను పట్టుకుని జీపు పక్కన నిలబడ్డాడు.

ఓవర్సీరు నల్లప్ప టేపు పట్టి కొలిచి, ప్లాను చూసి చెయ్యి ఊపాడు. మిషను గుర్రుమంటూ తిరిగి మిల్లు దిక్కుకు నడిచింది.

"రేయ్! అటు పక్కరా!" అని గావుకేక పెట్టాడు గోవిందప్ప.

"రైట్ అంటే ఇదే అన్నా," అన్నాడు నల్లప్ప. "ప్లానులో కొలత మొదలయ్యే సున్నా మదనపల్లెలో ఉండాది. ఆడినుంచి పుంగనూరు దిక్కు సూస్తా వస్తే మీ మిల్లే కుడిచేతి పక్క. మీ ఊరు పుంగనూరు దిక్కు, మీరు ఆడినుంచి వస్తారు కాబట్టి మీకు ఎడమ. మీ అర్జీ మీదే గదా మార్చినారు."

గోడ కూలింది. మునస్వామి మచ్చుకత్తి తీసుకుని మిషను మీదికి దూకాడు. గోవిందప్ప పిలిపించిన పోలీసులే వాణ్ణి కిందికి లాగి, మోకాలి చిప్ప పగిలేదాకా కొట్టారు. అడ్డం పోయిన గోవిందప్ప చొక్కా చిరిగి, ముఖం నిండా రక్తంతో దుమ్ములో కూలబడ్డాడు.

అక్కమ్మ లేచి రోడ్డు దాటి వచ్చింది. కొడుకు ఎడమచేతిని తీసుకుంది. వంకర పోయిన రెండు వేళ్లను తడిమింది.

"అంటే ముందు గీసింది..."

"మన గుడిసెల మీదేమ్మా. నాలాంటోడు అడిగితే మారే గీత కాదు అది."

"ఆ పాపిష్టోడు ఎడమేదో కుడేదో తెలీక వచ్చి నిన్ను కొట్టబట్టి బతికిపోతిమి," అంది అక్కమ్మ ఏడుస్తూ. "లెఫ్ట్ సైడు పోతాదని వానికి సెప్పిన మహానుబావుడెవురో గానీ..."

"నేనేమ్మా."