ఇంకా సారు పన్ను

"పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందంటారు. నిజమేనా?"

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పెద్దాయన అడిగాడు. పళ్ళ డాక్టరమ్మ చేతిలో మత్తు ఇంజక్షన్ అలాగే ఆగిపోయింది. పాతికేళ్ళ ప్రాక్టీసులో ఈ ప్రశ్న రోజుకు నలుగురైనా అడుగుతారు. చేతులు కడుక్కుంటూనే జవాబు చెప్పేస్తుంది. ఈరోజు మాత్రం ఆమె ఇంజక్షన్‌ని తిరిగి ట్రేలో పెట్టేసింది. ఎందుకంటే అడిగింది ఇంకా సారు.

డెంటల్ కాలేజీలో వైవా పరీక్ష అంటే ఆయనే. "పేషెంటు ఇలా అడిగితే ఏం చెప్తావు?" అని మొదలుపెట్టేవాడు. ఎంత చెప్పినా గడ్డం నిమురుకుంటూ "ఇంకా?" అనేవాడు. చెప్పడానికి ఇంకేమీ మిగలని వాళ్ళను నిర్దాక్షిణ్యంగా పరీక్ష తప్పించేవాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఈ పైపన్ను ప్రశ్న మీదే ఆమెను మూడుసార్లు తప్పించాడు. తోటివాళ్ళంతా క్లినిక్కులు తెరుచుకుంటుంటే ఆమె హాస్టల్ గదిలో అదే పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నాలుగోసారి ఆయన సెలవులో ఉండబట్టి గట్టెక్కింది. ఇప్పటికీ ఆ "ఇంకా?" కలలోకి వస్తే ఉలిక్కిపడి లేస్తుంది.

"నువ్వు మా కాలేజీలోనే చదివావటగా. అందుకే వెతుక్కుంటూ వచ్చాను," అన్నాడు ఇందాక లోపలికి రాగానే.

"ఏమీ కాదు సార్," అంది ఇప్పుడు, తనకు తెలియకుండానే నిటారుగా నిలబడి. "పంటికి వెళ్ళే నరం వేరు, చూపుకు సంబంధించిన నరం వేరు."

"ఇంకా?"

"పంటి నరం నొప్పినీ స్పర్శనీ తెలియజేస్తుంది సార్. చూపు నరం కంటి వెనక నుంచి మెదడుకు పోతుంది. రెండింటి దారులూ కలవవు."

"ఊఁ. మరి క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయట?"

"అవ్వవు సార్. సందుల్లో గార పేరుకుపోయి ఉంటుంది. అది తీసేసరికి సందులు బయటపడి వదులైనట్టు అనిపిస్తుంది. నిజానికి పళ్ళను వదులు చేసేది ఆ గారే."

"ఇంకా?"

పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సమ్మకు ఏమీ అంతు పట్టలేదు. పదిహేనేళ్ళుగా చూస్తోంది, మేడమ్ ఎవరి ముందూ ఇలా నీళ్ళు నమలలేదు. దగ్గరికి వచ్చి, "తనిఖీవాళ్ళా మేడమ్?" అంది గుసగుసగా.

"అంతకంటే పెద్ద గండం. నన్ను మూడుసార్లు తప్పించిన సారు."

నర్సమ్మకు విషయం అర్థమైపోయింది. ట్రే కింద పెట్టి, బీరువాలోంచి ఇటుకంత పాత పుస్తకం తీసి, పెద్దాయనకు కనపడకుండా కుర్చీ వెనక తెరిచి పట్టుకుంది. చదువుకునే రోజుల్లో పక్కవాళ్ళ పేపర్ వైపు కన్నెత్తి చూడని మనిషి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, సొంత క్లినిక్‌లో, మొదటిసారి కాపీ కొట్టడానికి సిద్ధపడింది.

"రూట్ కెనాల్‌కి రెండు మూడుసార్లు రమ్మంటారెందుకు?"

నర్సమ్మ గబగబా పేజీ తిప్పింది. డాక్టరమ్మ తల ఎత్తి చదివింది. "ఎందుకంటే సార్, ఆరో ఏడు రాగానే అవి వాటంతట అవే ఊడిపోతాయి."

పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. నర్సమ్మ నాలుక కరుచుకుంది. తెరిచింది పాలపళ్ళ పేజీ.

అంతలో తలుపు సందులోంచి, బుగ్గకు కండువా చుట్టుకున్న మామ్మగారొకావిడ తల లోపలికి పెట్టింది. "లోపలి చీము ఆరాలిగా డాక్టరమ్మా. ఆరకుండా మూసేస్తే మళ్ళీ వాస్తుందని పోయినవారం నాకు నువ్వే చెప్పావు."

"అందించకండి మామ్మగారూ," అంది డాక్టరమ్మ ఏడుపు గొంతుతో. "అసలే సార్‌కి కోపమెక్కువ."

పెద్దాయనకు కోపం రాలేదు. తల తిప్పి మామ్మగారిని శ్రద్ధగా చూశాడు. "వాస్తుందా? అలాగా. ఇంకా?"

"ఇంకా ఏముంది నాయనా. మళ్ళీ వస్తే మళ్ళీ ఫీజు."

మామ్మగారి వెనక మరో ముగ్గురు చేరారు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"సరే. పన్ను తీయించుకున్నాక ఎలా ఉండాలి?"

"మత్తు దిగేదాకా ఏమీ నమలకూడదు సార్, చెంప కొరుక్కునే ప్రమాదముంది. ఆ రోజంతా మెత్తగా, చల్లగా ఉన్నవే తినాలి. పుక్కిలించకూడదు. ఉమ్మకూడదు. స్ట్రాతో తాగకూడదు."

"ఇంకా?"

డాక్టరమ్మ పుస్తకం వైపు చూడబోయి ఆగింది. ఎంతోమంది పళ్ళు పీకిన తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది.

"ఇంకేమీ లేదు సార్. ఇంతే," అంది.

ఇంకా సారు గడ్డం నిమురుకున్నాడు.

"సరే అయితే. తీసెయ్," అని నోరు తెరిచాడు.

మత్తు ఎక్కాక నాలుగు నిమిషాల్లో పన్ను బయటికి వచ్చేసింది. డాక్టరమ్మ దూది పెట్టి, "ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోండి. మాట్లాడకండి," అంది. గుమ్మంలో జనం నిట్టూర్చి ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్ళారు. నర్సమ్మ పుస్తకం మోసుకుంటూ వాళ్ళ వెనకే వెళ్ళి తలుపు వేసింది.

ఇద్దరే మిగిలారు. మాట్లాడలేని సారును చూస్తే డాక్టరమ్మకు కొత్తగా ధైర్యం వచ్చింది.

"సార్, ఒక్కటి అడగనా? పైపన్ను ప్రశ్నకు మూడుసార్లూ మీకు నేను చెప్పింది ఇందాకటి జవాబే. నాలుగోసారి వేరే సారు దీనికే పూర్తి మార్కులు వేశారు. సరైన జవాబు చెప్పినా మీరెందుకు తప్పించారు?"

ఆయన తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు. చేయి చాపి ఆమె మందుల చీటీ, పెన్నూ అందుకున్నాడు. ఒక్క ముక్క రాసి, మడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"సరైనదని నాకు తెలిస్తే కదమ్మా."