బొగ్గు షెడ్డుకు తాళం

బయట తాళం పడ్డ చప్పుడు వినగానే చంద్రశేఖర్ పరుగున వెళ్లి షెడ్డు తలుపు తోశాడు.

పెద్దమందడి దాటాక చేల నడుమ ఉన్న రేకుల షెడ్డు అది. పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. లోపల బొగ్గు బస్తాలు, కంపెనీ మేనేజరైన తను, ఊళ్లో కంపెనీ పనులు చూసే శ్రవణ్ కుమార్. కొత్త సరుకు చూద్దురు రమ్మని లోపలికి తీసుకొచ్చింది శ్రవణే. డ్రైవర్‌ను భోజనానికి పంపిందీ అతనే. ఫోన్‌కు సిగ్నల్ కూడా లేదు. ఖర్మ కాకపోతే ఏమిటి!

"అగ్రిమెంటు రద్దు చేస్తెనే తలుపు తీసేది!" కిటికీ ఊచల అవతల నుంచి రైతు దశరథం అరిచాడు. ఆయన వెనక ఊరంతా ఉంది.

పత్తికట్టెను బొగ్గు చేసి రైతుల చేలల్లో పాతిపెడుతుంది కంపెనీ. గాలిలో కలవాల్సిన కర్బనం మట్టిలోనే బందీ అవుతుంది. ఆ పుణ్యాన్ని విదేశీ కంపెనీలు తాము వదిలే పొగకు బదులుగా, కార్బన్ క్రెడిట్ల పేరుతో కొంటాయి. అందుకని రైతు ముప్ఫై ఏళ్లు ఆ మట్టిని లోతుగా తవ్వకూడదు, చేను అమ్మకూడదు, బోరు వేయకూడదు. బజారులో ఆ క్రెడిట్ల రేటు పడిపోయింది. రైతుకు దక్కాల్సిన వాటాలో పైసా రావడం లేదు. షరతులు మాత్రం పోలేదు.

"బాయి ఎండిపాయె. బోరేద్దమంటె మీ కాగితం అడ్డం. మేమేం తిని బతకాలె సారూ?"

చంద్రశేఖర్‌కు జాలి లేకపోలేదు. కానీ ఈ చేలు చేజారితే కంపెనీని కొంటానన్న ఆసామి పారిపోతాడు. "హెడ్డాఫీసులో మాట్లాడతా" అన్నాడు.

"గా మాట మస్తుసార్లు ఇన్నం!"

శ్రవణ్ కిటికీ దగ్గరికెళ్లి చేతులు జోడించాడు. "జర తాళం తియ్యి పెద్దనాయినా. సారుకు పానం బాగలేదు."

"నువ్వు నోర్ముయ్‌రా! నీ మాట నమ్మే గద ఏలిముద్రలేసినం!"

శ్రవణ్ తల దించుకున్నాడు. పాపం, తనతోపాటు వీడూ ఇరుక్కున్నాడే అనుకున్నాడు చంద్రశేఖర్.

రేకులు సెగలు కక్కుతున్నాయి. బొగ్గుపొడి గొంతుకు అడ్డం పడుతోంది. నీళ్ల సీసా ఎప్పుడో ఖాళీ అయింది.

"మా నాయిన చేను గూడ గీ అగ్రిమెంటుల్నే ఉంది సార్" అన్నాడు శ్రవణ్ మెల్లగా. "వీళ్లు మొండోళ్లు, అస్సలు తియ్యరు. కంపెనీ ముద్ర నా బ్యాగుల్నే ఉంది. తెల్లకాగితం గూడ ఉంది."

చంద్రశేఖర్ చొక్కా తడిసి ముద్దయింది. ఇక ఊపిరాడలేదు. పళ్లు కొరుక్కుంటూ రద్దు కాగితం రాసి, సంతకం గీకి, ముద్ర కొట్టాడు.

శ్రవణ్ దాన్ని ఊచల సందులోంచి అందించాడు. దశరథం కాగితాన్ని కళ్లకద్దుకుని భోరుమన్నాడు.

"ఇంకా ఏడుపులెందుకు? తాళం తీయమనవయ్యా!" విసుక్కున్నాడు చంద్రశేఖర్.

శ్రవణ్ తన ప్యాంటు జేబులోంచి తాళంచెవి తీసి దశరథం చేతిలో పెట్టాడు.