మూడు తాళాల క్యారెట్లు

"నాన్నా, ఇంకా ఎంతసేపు?" బాత్రూం తలుపు తడుతూ అడిగింది పిచ్చుక.

"స్నానం చేస్తున్నానే," అన్నాడు తండ్రి. కుళాయి ఇంకాస్త తిప్పి నీళ్ళ చప్పుడు పెంచి, నోట్లో ఉన్న చిప్స్ ముక్కని నమలకుండా నాలుక మీదే నానబెట్టాడు.

"ఇందాకే చేశావుగా."

"సరిగ్గా చేయలేదు."

ఆయన తాళాలు బాగుచేసే మనిషి. ఎంత మొండి తాళమైనా ఆయన చెయ్యి పడితే నోరు తెరవాల్సిందే. తన నోటికి మాత్రం తాళం వేసుకోలేకపోయాడు. రక్తంలో చక్కెర పెరిగిందని, చిరుతిళ్ళు మానకపోతే ఇక మందులు మింగాల్సిందేనని డాక్టరమ్మ చెప్పి ఆరు నెలలైంది. భార్యకీ అవే చీవాట్లు పడ్డాయి. ఆవిడ టైలరు. కుట్టుమిషన్ సొరుగులో దారపు కండెలకన్నా చాక్లెట్లే ఎక్కువ. ఇద్దరూ కలిసి ఒక్కగానొక్క కూతురు పిచ్చుకకి మాత్రం, "చెత్త తిండి తినకూడదమ్మా, దోసకాయ తిను, క్యారెట్ తిను" అని పొద్దస్తమానం పాఠాలు చెప్పేవాళ్ళు.

ఆ రోజు ఆయన మూతి శుభ్రంగా తుడుచుకునే బయటికొచ్చాడు. చొక్కా మీద రాలిన పొడి సంగతే మరిచిపోయాడు. అసలు చొక్కాతో స్నానమేమిటన్నది ఆయనకి తట్టనే లేదు. పిచ్చుక చొక్కా వైపు చూసింది. సాయంత్రం తల్లి క్యారెట్ ముక్కలు తెచ్చిపెడితే పళ్ళెం పక్కకి జరిపింది.

"నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"నిజంగా బాగుండేవైతే మీరు దాచుకుని తినేవాళ్ళుగా."

ఎనిమిదేళ్ళ పిల్ల. మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. మర్నాడూ అదే వరస. వారమైనా పిల్ల మెట్టు దిగలేదు. బడికి పంపిన డబ్బా పంపినట్టే తిరిగొచ్చేది.

"ఇక ఒకటే దారి," అంది తల్లి. "దాచుకునే తిందాం."

"ఏం తిందాం?"

"క్యారెట్లు."

ఆ మర్నాడే ఇల్లు తలకిందులైంది. చిప్సూ చాక్లెట్లూ పెద్ద గిన్నెలో పోసి అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టారు. క్యారెట్లూ దోసకాయలూ పడగ్గదిలో ఇనుప బీరువాలోకి, దుప్పట్ల మధ్యకి చేరాయి. బీరువాకి ఆయన మూడు తాళాలు బిగించాడు. మూడోది దుకాణాల షట్టర్లకి వేసే రకం. కూరలబండి అతనికి కూడా చెప్పి పెట్టారు, క్యారెట్లు పాత కాగితాల్లో చుట్టి, పైన చూపులకి నాలుగు ఉల్లిపాయలు పెట్టమని. అతను వీళ్ళని అదోలా చూసి, అలాగే చుట్టిచ్చాడు.

"ఊరికే నటిస్తే కుదరదు. అది తలుపుకి చెవి ఆనించి వింటుంది," అంది తల్లి. "నమిలిన చప్పుడు వినపడాలి."

ఇద్దరూ బాత్రూంలో కూర్చుని, కుళాయి సన్నగా తిప్పి కరకరా నమలడం మొదలుపెట్టారు.

"తలుపు చెక్క కొరికినట్టుందే."

"పిల్ల కోసం మింగండి."

బయటినుంచి గొంతు వినపడేది. "లోపల ఏం తింటున్నారు?"

"ఏమీ లేదమ్మా."

"నాకూ పెట్టండి."

"ఇవి పెద్దవాళ్ళవి."

అసలు నరకం బల్ల దగ్గర. పిచ్చుక హోంవర్కు పుస్తకాలు సరిగ్గా ఆ చిప్స్ గిన్నె పక్కనే పరిచేది. తండ్రి చెయ్యి అటు జరిగితే చాలు, "అవి మీకెందుకు నాన్నా, మీకు లోపల మంచివి ఉన్నాయిగా," అనేది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, "అబ్బే, వాసన చూద్దామని," అని నసిగేవాడు. చిప్స్ మెత్తబడి పారేయాల్సి వచ్చింది. మళ్ళీ తెచ్చిపోస్తే అవీ అంతే.

పదో రోజున బీరువా మొదటి తాళం మీద గీతలు కనపడ్డాయి.

"పిన్నీసు పెట్టి తిప్పింది," అన్నాడు తండ్రి, కళ్ళు చెమర్చగా. "పట్టు బాగుంది."

"రెండోది గట్టిదేమో. పాపం, చెయ్యి నొప్పెడుతుంది."

ఆయన రెండో తాళంలో నూనె పోశాడు. షట్టరు తాళం తీసేసి పెట్టెలకి వేసే చిన్నది తగిలించాడు. ఇంకో నాలుగు రోజులకి దుప్పట్ల మధ్య ఒక క్యారెట్ తక్కువైంది. ఆలుమగలిద్దరూ మూడుసార్లు లెక్కపెట్టుకుని, ఒకరి చేతులొకరు పట్టుకుని మంచం మీద కూలబడ్డారు. ఆనందం పట్టలేక ఆయన మర్నాడు కొట్లో, తాళం బాగుచేయించుకోవడానికి వచ్చినాయనతో, "మా అమ్మాయి ఇంట్లో దొంగతనం చేసిందండీ," అని మొహం వెలిగిపోతుండగా చెప్పాడు. వచ్చినాయన తన తాళం తాను తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు నెలలకి ముగ్గురూ ఆస్పత్రికెళ్ళారు. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివి, తండ్రిని రెండుసార్లు తూచింది. ఆయన నాలుగు కిలోలు తగ్గాడు, ఆవిడ మూడు. చక్కెర దారికొచ్చింది, మందులతో పనిలేదు.

"మా సంగతికేం లెండి," అన్నాడాయన. "పిల్లని దారిలో పెట్టాం, అదీ గొప్ప." బీరువా దగ్గర్నుంచి పిన్నీసు దాకా కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "పిల్లల్ని పెంచాలంటే కాస్త బుర్ర ఉండాలండీ."

డాక్టరమ్మ పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక గోడకున్న పళ్ళ బొమ్మ వైపు చూసింది.

"మీరు బయట కూర్చోండి. దీని ఎత్తు చూసి పంపిస్తాను," అంది డాక్టరమ్మ.

వరండాలోకొచ్చాక కళ్ళజోడు బల్ల మీదే మరిచిపోయానని ఆయనకి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి, ఓరగా ఉన్న తలుపు మీద చెయ్యి వేశాడు.

"నేను మొత్తుకుంటే వినని వాళ్ళు," అంటోంది డాక్టరమ్మ లోపల, "నీ మాట ఎలా విన్నారే?"

"నేనేం చెప్పలేదండీ. వద్దని మొండికేశానంతే."

తండ్రి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"నాకు క్యారెట్లంటే మొదట్నుంచీ ఇష్టమే."