బానలో బూచి

"అమ్మా, బానలో బూచి కదులుతాండాది!" నాలుగేళ్ల ఓబులమ్మ చాప మీంచి లేచి తల్లి హనుమక్క మెడను కరుచుకుంది.

"దినామూ ఇదే ఏడుపు. ఎవురు చెప్పినారు బిడ్డకు ఈ కత?" సోమప్ప దీపం అందుకున్నాడు.

హనుమక్క తల వంచుకుంది. వాన పడేదాకా వేరుశెనగ విత్తనాలైనా మిగలాలని, ఆకలికి పాప అందులో చెయ్యి పెట్టకుండా, ఆ బూచిని బానలోకి ఎక్కించింది తనే.

"మూత తీయొద్దు," అంది.

"నీకూ భయమేనా? కదిరి నరసింహసామి ఉండంగా బూచి యాడిది?" సోమప్ప నవ్వుతూ కూతుర్ని ఎత్తుకుని మూత తీశాడు.

పాప ఒక కన్ను తెరిచింది. మెల్లగా చెయ్యి పెట్టింది.

"నాయనా, చెనిక్కాయలు!" చాన్నాళ్లకు కిలకిలా నవ్వి, తల్లివైపు తిరిగింది. "ఇన్ని పెట్టుకోని నాకు గంజినీళ్లే పోస్తాండావేంమా?"

సోమప్ప నవ్వు ఆగిపోయింది. భార్య ముఖం చూశాడు. బూచి ఎవరిదో అప్పుడు తెలిసింది.

వానొచ్చినాక విత్తాల బిడ్డా, అని చెప్పబోయింది హనుమక్క. రెండేళ్లుగా మొగుడూ పెళ్లాలు చెప్పుకుంటున్న ఆ మాట ఈసారి నోట రాలేదు. "సామీ" అనుకుంటూ మూత పెట్టబోయింది. చేతులు వణికి మూత కుదురుకోలేదు.

ఓబులమ్మ ఆ చేతిని పట్టుకుంది.

"భయపడొద్దు మా. లోపల బూచి లేదులే. కాయలే ఉండేది."