పసుపు కార్ట్రిడ్జ్

విజయనగరం మందుల షాపుల్లో దగ్గుమందు పక్కనే, గొట్టంలో పెట్టి పీల్చే గంజాయి కార్ట్రిడ్జ్‌లు అమ్ముతున్న రోజులవి. భర్త పైడినాయుడి వెన్నునొప్పికి సూరమ్మ ఎప్పుడూ ఆకుపచ్చదే కొనేది. నాలుగు దమ్ములు లాగితే నొప్పితో పాటు మనిషీ మాయమయ్యేవాడు. ఏమడిగినా నవ్వి ఊరుకునేవాడు.

ఈసారి షాపులో అడిగి పసుపుది కూడా తెచ్చింది. పొద్దున్నే, అతనికి మత్తెక్కకముందే రెండూ చూపించింది.

"ఈ పసుపుదానికి నొప్పి సగమే తగ్గుద్దంట. మాటాడ్డానికి మాత్రం నువ్వుంటావంట. గొట్టంలో ఏది ఎట్టమంతావు?"

పైడినాయుడు నడుం పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "పసుపుదే ఎట్టు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మూలుగుతూనే అన్నంలో చారు కలుపుకుని, ఒక ముద్ద తిని విసుక్కున్నాడు. "ఏటే, ఉప్పెయ్యడం మర్సిపోనావేటి?"

ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో ఆమె వంటకు వంక పెట్టినవాళ్లు లేరు. సూరమ్మ ఉప్పు డబ్బా తెచ్చి అతని పక్కనే కూర్చుంది.