చిన్నదానికి తగ్గ గొర్రె

“మా చిన్నదానికి రాట్నం నేర్పాలి బాబాయ్. దానికి తగ్గ గొర్రెను చూపించు” అంది ఆమె, దొడ్డి గేటు దాటీ దాటకముందే.

గొర్రెలాయన చేతిలో ఉన్న మేత కింద పడేసి, వచ్చిన మొగుడూ పెళ్లాల్ని ఎగాదిగా చూశాడు. మొగుడు గోనెసంచి పట్టుకుని వెనకే నిలబడ్డాడు. పెళ్లాం చలికి మెడ దాకా శాలువా చుట్టుకుని ఉంది. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపించే మొహం.

ఉన్ని కోసం వచ్చేవాళ్లు చాలామందే. గొర్రెను చూపించమనేవాళ్లు మాత్రం తక్కువ. అలా అడిగారంటే పని తెలిసినవాళ్లే. ఆయన ముచ్చటపడి ఇద్దర్నీ కొట్టంలోకి తీసుకెళ్లాడు.

ఆమె చూపు నేరుగా ఒక తెల్లటి గొర్రె మీదికి పోయింది. పెద్దది ఎప్పుడూ ఇలాంటి ఉన్నితోనే నూలు తీసేదని చెప్పింది. వెన్నలాంటి ఉన్ని అది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అది చెయ్యి తిరిగినవాళ్లకే లొంగుతుంది, కొత్తవాళ్లు పట్టుకుంటే ఉండలు కట్టేస్తుంది అన్నాడు. పక్కనే పొడుగు బొచ్చు గొర్రె నిగనిగలాడుతోంది గానీ, దాని ఉన్ని పట్టు దొరక్కుండా జారిపోతుంది.

“మీ చిన్నదాని వయసెంత?”

“వయసుకేం, బాగానే వచ్చింది. పనే రాలేదు.”

మొగుడు ఏదో చెప్పబోయాడు. ఆమె చూపుతోనే ఆపేసింది.

ఇక మొదలుపెట్టింది. చిన్నది ఒట్టి మొద్దు. చెంచా పట్టుకుంటే సగం ఒలకబోస్తుంది. ఒక్క గుండీ పెట్టాలంటే యుగం పడుతుంది. పేరు రాయమంటే కోడి కెలికినట్టు రాస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ పెద్దదే చేసేది. పెద్దది తీసిన నూలంటే ఊళ్లో నేతగాళ్లంతా ఎగబడేవాళ్లు. ఇది పక్కన ఉండి, పట్టుకోమన్నది పట్టుకునేది. అంతే.

“మరి పెద్దది ఇప్పుడు...” అంటూ ఆగాడు గొర్రెలాయన.

“పోయింది” అన్నాడు మొగుడు. “నిరుడు మిల్లులో, ఉన్ని దువ్వే యంత్రం లాగేసింది.”

కన్నవాళ్ల మొహం చూడలేక, గొర్రెలాయన పక్కనున్న గొర్రె వీపు నిమిరాడు.

ఆమె మాత్రం కంటతడి పెట్టలేదు. “పోయేదేదో ఈ చిన్నది పోయినా బాగుండేది” అంది.

ఆయనకు ఒళ్లు మండిపోయింది. రెండు పిల్లల్లో ఒకటి చస్తే, మిగిలినదాన్ని పొదుగు దగ్గరికి రానివ్వని తల్లిగొర్రెను చూశాడు గానీ, ఇలాంటి మనిషిని చూడటం ఇదే మొదలు. గొర్రే నయం, దానికి మాటలు రావు.

“ఈ మాట దాని ముందు ఎప్పుడైనా అన్నావా?”

“రోజూ అంటాను.”

బయటికి నడవండి అనబోయాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ వీళ్లు ఉత్త సంచితో వెళ్తే, ఇంటి దగ్గర ఆ పిల్ల గతేం కాను? ఇంతకుముందు రెండు చోట్ల నుంచి తెచ్చిన ఉన్నితో పోగు నిలవలేదట. ఇదీ కుదరకపోతే రాట్నం ఎవరికైనా ఇచ్చేసి, ఇక ఆ పని పేరే ఎత్తనని ఆమె తేల్చి చెప్పేసింది. మొగుడిది మగ్గం పని. ఇంటి నూలు లేక ఆ మగ్గం మూలనపడి ఉంది. తప్పు ఉన్నిది, తిట్లు చిన్నదానికి. ఆ ముఖమెరగని పిల్ల మీద ఆయనకు ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. ఎలాగైనా దాన్ని గెలిపించాలనుకున్నాడు.

మూలనున్న బూడిదరంగు గొర్రెను లాక్కొచ్చాడు. చూడ్డానికి గొప్పగా ఏమీ లేదు. భుజం మీద ఉన్ని విడదీసి చూపించాడు. వేలెడు పొడుగు, చిన్న చిన్న మెలికలు, నొక్కి వదిలితే మళ్లీ పైకి లేస్తోంది. ఒక పాయ కత్తిరించి ఇచ్చాడు. మొగుడు దాన్ని రెండు కొసలా పట్టుకుని, పెళ్లాం చెవి దగ్గర పెట్టి గభాల్న లాగాడు. తెగలేదు, టింగుమని మోగింది. ఆమె కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని, బాగుందన్నట్టు తల ఊపింది.

“ఒకదాన్నొకటి పట్టుకునుండే ఉన్ని ఇది. తడబడినా తెగదు. మీ రాట్నం చేత్తో తిప్పేదా, కాళ్లతో తొక్కేదా?”

“తొక్కేది.”

“ఇంకేం, లాగడం ఒక్కటే అలవాటు కావాలి. మొదట్లో ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా వస్తుంది. తిట్టొద్దు. పెద్దదానితో పోల్చొద్దు. అది పోయిన బాధ దీనికి మాత్రం ఉండదా తల్లీ?”

ఆమె పెదవి మొదటిసారి వణికింది. “ఉంటుంది బాబాయ్. నిద్రలో పెద్దదాని కోసం తడుముకుంటుంది.”

మొగుడు గొర్రె తల కదలకుండా పట్టుకుంటే, గొర్రెలాయనే కూర్చుని దాని ఉన్ని కత్తిరించాడు. మురికి పట్టిన అంచులు ఏరి పారేసి, మిగిలినదంతా మెత్తగా చుట్టి సంచిలో పెట్టాడు. మొగుడు అందుకోబోతే ఇవ్వలేదు.

“నీకు కాదు. మీ చిన్నదానికే ఇస్తాను. రేపు వెంటబెట్టుకు రండి” అన్నాడు మొండిగా.

“రేపటిదాకా ఎందుకు బాబాయ్, ఇదిగో మా చిన్నది” అంటూ ఆమె శాలువాలోంచి ఎడమ చెయ్యి చాపింది. కుడివైపు స్వెట్టరు మోచేతి దగ్గరే మడిచి పిన్నీసు పెట్టి ఉంది.