చెవులున్న ఇల్లు

మొదటి దెబ్బకే సోఫా మీది దిండు ఎగిరి కింద పడింది.

"ఇది విందా?" అని అడిగింది ఆవిడ.

"లేదు మేడమ్," అన్నాడు డెమో, గోడ మీది మొదటి సిస్టమ్‌ని చూపిస్తూ. "దీనికి కళ్ళేగాని చెవుల్లేవు. ఆ కళ్ళు కూడా వీధి గుమ్మం వైపే. ఎవరొచ్చారో చూపిస్తుంది. లైట్లు వేస్తుంది, ఆర్పుతుంది. ఇంటి లోపలి గొడవలు దీనికి పట్టవు."

అతనికీ ఓ పేరుంది. కానీ ఇళ్ళకి కెమేరాలూ, వాటంతటవే వెలిగే లైట్లూ అమ్మే ఆ షాపులో అందరూ డెమో అనే పిలుస్తారు. షాపు వెనక గదిలో ఒక ఉత్తుత్తి హాలు కట్టి పెట్టారు. సోఫా, టీపాయ్, ఓ తలుపు, గోడకి మూడు రకాల సిస్టమ్‌లు. ఒక్కోటీ ఆన్ చేసి చూపించడం అతని పని. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, లైట్లు వెలిగితే మురిసిపోయి వెళ్తుంటారు. ఈవిడ మాత్రం చప్పట్లు తప్ప అన్నీ కొట్టేలా ఉంది.

"మావారు కెమేరాలు పెట్టించాల్సిందేనని పట్టుబట్టారు తమ్ముడూ. నెలకి ఇరవై రోజులు క్యాంపులే ఆయనకి. ఈమధ్య ఇంటి మీద బెంగ ఎక్కువైంది. ఏది కొనాలో నన్నే చూసుకోమన్నారు."

"ఇంట్లో ఇంకెవరుంటారు మేడమ్?"

"నేనూ, మా అత్తగారూ. కార్లో కూర్చున్నారు. ఈ చప్పుళ్ళు ఆవిడకి పడవు."

అత్తగారి మాట ఎత్తగానే ఆవిడ దవడ బిగుసుకోవడం డెమో గమనించాడు. కుడి మణికట్టుకి కట్టు. దాని పైన, ముంజేతి మీద నాలుగు గోళ్ళ గీతలు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"చేతికేమైంది మేడమ్?"

"మొన్న కొంచెం ఎక్కువైందిలే."

డెమో ఒకప్పుడు వాళ్ళక్క మెడ మీద ఇలాంటి గీతలే చూసి, పిల్లి రక్కిందంటే నమ్మేశాడు. ఆ ఇంట్లో అసలు పిల్లే లేదన్న సంగతి, అక్క శవాన్ని బయటికి మోసుకొస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

రెండో సిస్టమ్ ఆన్ చేశాడు. ఆవిడ టీపాయ్ మీది గాజు గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. సైరన్ మోగింది. తర్వాత సోఫా చేతి మీద అరచేత్తో చెళ్ళున ఒకటిచ్చింది. సైరన్ కిక్కురుమనలేదు.

"గాజు పగిలితేనే దీనికి వినపడుతుంది," అన్నాడు డెమో. "మనుషులు పగిలితే వినపడదు."

మూడోది ఆన్ చేశాడు. ఆవిడ టీపాయ్‌ని కాలితో తన్నింది. ఎర్ర లైటు వెలిగింది. నోటికి దిండు అదిమి పెట్టుకుని సన్నగా మూలిగింది. గదిలో లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి, తలుపు దానంతటదే తెరుచుకుంది, డెమో జేబులో ఫోను గింజుకుంది.

"దిండు అడ్డం పెట్టినా వింటుందా!" ఆవిడ మొహం పాలిపోయింది.

"వింటుంది మేడమ్. వినగానే ఫోన్ చేస్తుంది. మీవారు ఏ ఊళ్ళో ఉన్నా చూడొచ్చు, వినొచ్చు."

ఆవిడ అతని నడుం వైపు చూసింది. "నీ బెల్టు ఒకసారి ఇస్తావా?"

ఇన్నేళ్ళలో కస్టమర్లు అతన్ని డిస్కౌంట్ అడిగారు, మంచినీళ్ళు అడిగారు, బాత్రూమ్ ఎటని అడిగారు. బెల్టు ఎవరూ అడగలేదు. తీసిచ్చి, ప్యాంటు ఎడం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ బెల్టు కొసని గుప్పిట్లో రెండు చుట్లు చుట్టుకుంది, బకిల్ కింద వేలాడేలా. అలా చుట్టుకోవాలని దెబ్బలు తిన్నవాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది, అనుకున్నాడు డెమో.

దెబ్బ మీద దెబ్బ. సోఫా తోలు చీలింది. దూది బయటికొచ్చింది. ఆవిడ జుట్టు విడిపోయింది, అయినా ఆగలేదు. ప్రతి దెబ్బకీ సిస్టమ్ కేక పెట్టింది. సోఫా చేసిన తప్పేమిటో గానీ, డెమోకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళుగా లోపల దాచుకుందో!

"ఇదే తీసుకోండి మేడమ్. రేపు నేనే వచ్చి బిగిస్తాను. ఇక మీ ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేరు."

ఆవిడ ఆయాసం తీర్చుకుంది. జుట్టు ముడేసుకుంది. బెల్టు అతని చేతికిచ్చింది.

"ఇన్ని చెవులున్నది నాకొద్దు తమ్ముడూ. ఆ మొదటిదే ప్యాక్ చెయ్యి. సోఫా, గ్లాసు కూడా బిల్లులో వేసెయ్యి."

"అక్కా!" అనేశాడు డెమో. "భయపడకండి. మీకు నేనున్నాను."

"మొదటిదే," అంది ఆవిడ. ఈసారి తమ్ముడూ అనలేదు.

వాళ్ళక్క కూడా ఇంతే. చివరిదాకా 'ఏం లేదురా' అంటూనే పోయింది. ఈసారి మాత్రం ఊరుకోకూడదనుకున్నాడు. ఆ అత్తగారి మొహం ఒక్కసారి చూడాలి. కోడలి మీద ఇంకోసారి చెయ్యి పడితే పోలీసుల్ని వెంటేసుకుని వస్తానని మొహం మీదే చెప్పాలి.

ఆవిడ బిల్లు దగ్గర ఉండగానే, బెల్టు పెట్టుకునే ఓపిక కూడా లేక, ప్యాక్ చేసిన పెట్టె చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో బెల్టు పట్టుకుని షాపు ముందు ఆగున్న కారు దగ్గరికి విసవిసా నడిచాడు. ప్యాంటు సంగతి దేవుడికి వదిలేసి, వెనక తలుపు ఒక్క ఊపున లాగాడు.

సీటు మూలకి ఒదిగి కూర్చున్న పిట్టంత ముసలావిడ అతని మొహం వైపు చూడనైనా చూడలేదు. చేతిలో వేలాడుతున్న బెల్టుని చూసి, "కొట్టకమ్మా, అబ్బాయికి నేనింకేం చెప్పలేదమ్మా" అంటూ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.